ఓటీ తీసేస్తే మీ జీతమెంత?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. పది పాసయ్యాను. మాది నారాయణఖేడ్ దగ్గర పల్లె. తొమ్మిదేళ్ల కింద పటాన్‌చెరు వచ్చి, బండ్ల విడిభాగాలు చేసే షీట్‌మెటల్ కంపెనీలో ప్రెస్ ఆపరేటర్‌గా చేరాను. కంపెనీ అదే, కాంట్రాక్టర్లు ముగ్గురు మారారు. 2020లో స్లిప్పు మీద 12,800 ఉండేది, ఇప్పుడు 14,500 (బేసిక్, డీఏ కలిపి 10,400, ఇంటి అద్దె భత్యం 1,300, స్పెషల్ అలవెన్సు 2,800). నెలకు 26 డ్యూటీలు, రోజూ మూడు గంటల ఓటీ (ఓవర్‌టైమ్). ఓటీకి గంటకు 60 చొప్పున విడిగా నగదు ఇస్తారు. కటింగులు పోను అన్నీ కలిపి 17,800 దాకా చేతికొస్తుంది. పక్క కంపెనీలో నేరుగా కంపెనీ రోల్ మీద, ఏడాది అగ్రిమెంటుతో, 8 గంటల డ్యూటీకి 16,500 ఇస్తామంటున్నారు. మరి చేతికొచ్చేది తగ్గుతుంది కదా? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 80,000 అప్పుంది. పీఎఫ్ మొత్తం తీసి అది కట్టేయమని ఒకరు, దుబాయ్ పొమ్మని ఒకరు, ఆటో కొనుక్కోమని మా బామ్మర్ది అంటున్నారు. ఏం చేయాలి? (ఓ పాఠకుడు, పటాన్‌చెరు)

జవాబు: చేతికొచ్చే మొత్తాన్ని కాసేపు పక్కనపెట్టి, గంటకు ఎంత పడుతోందో చూడండి. ఇప్పుడు మీరు 26 డ్యూటీలకు 208 గంటలు, ఓటీ 78 గంటలు, మొత్తం 286 గంటలు పనిచేస్తున్నారు. దానికి కటింగులకు ముందు వచ్చేది 14,500 ప్లస్ 4,680, అంటే 19,180. గంటకు 67 రూపాయలు. పక్క కంపెనీ ఇస్తానన్నది 208 గంటలకు 16,500. గంటకు 79 రూపాయలు. ఎక్కువ ఇచ్చేది పక్క కంపెనీయే. మీకు తక్కువగా కనిపించడానికి కారణం, నెలకు 78 గంటలు అదనంగా అమ్ముకుని వచ్చిన డబ్బును మీరు జీతం కింద లెక్కేసుకోవడం.

జీతం పడిపోయిందన్న సంగతి ఇన్నాళ్లూ బయటపడనీయకుండా దాచింది కూడా ఆ ఓటీయే. కేంద్ర లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని నెలనెలా ప్రకటిస్తుంది. 2016ను 100గా తీసుకున్న ఆ సూచీ 2020 సెప్టెంబరులో 118.1 ఉంటే, 2025 ఆగస్టుకు 147.1కి చేరింది. దాదాపు 25 శాతం పెరుగుదల. అప్పటి 12,800తో కొన్న సరుకులే ఇప్పుడు కొనాలంటే సుమారు 15,940 కావాలి. మీకు పెరిగింది 1,700, పెరగాల్సింది 3,140. అంటే స్లిప్పు మీద అంకె పెరిగినా, కొనుగోలు శక్తిలో నెలకు 1,400కు పైగా పోగొట్టుకున్నారు. ఆ లోటును ఓటీతో పూడ్చుకుంటూ వచ్చారు. దేశంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో పదిమందికి నలుగురు కాంట్రాక్టర్ల కిందే ఉన్నారు. వాళ్లలో చాలామంది లెక్క ఇంచుమించు ఇలాగే తేలుతుంది. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ పాత అనుభవాన్ని సున్నా చేసి కొత్తగా చేరిన మనిషిలా రాసుకుంటారు. జీతం పెరగకపోవడానికి అంతకంటే సులువైన దారి ఇంకోటి లేదు.

ఓటీ స్లిప్పులో ఎందుకు లేదో కూడా తెలుసుకోండి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఓటీ మూడు నెలలకు సాధారణంగా 50 గంటలు దాటకూడదు. మీది 234. అది రిజిస్టరులో రాస్తే కంపెనీయే ఇరుక్కుంటుంది. రెండోది, ఓటీకి రెట్టింపు రేటు ఇవ్వాలి. ఇంటి అద్దె భత్యం పక్కనపెట్టి, మిగతా 13,200 మీదే లెక్కేసినా గంటకు 63.46, రెట్టింపు 126.92. 78 గంటలకు 9,900 రావాలి. మీకిస్తున్నది 4,680. తేడా నెలకు 5,220. మూడోది, 2025 నవంబరు దాకా ఉన్న చట్టం ప్రకారం ఓటీ సొమ్ము మీద కూడా ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కట్టాల్సి ఉండేది, నగదు ఇస్తే అది తప్పేది. ఈ మూడోదాన్ని చిన్నదనుకోవద్దు. ప్రెస్ కింద వేలు పడి ఇంట్లో కూర్చుంటే ఈఎస్ఐ రోజు వేతనంలో 90 శాతం చొప్పున ఇస్తుంది, కానీ స్లిప్పులో కనిపించే వేతనం మీదే. మీరు తెచ్చే 19,180లో 4,680 ఆ లెక్కలోకి రాదు. పైగా ఒళ్లు అలిసిపోయిన పదో గంట, పదకొండో గంటలో వేళ్లు పోయే ప్రమాదం ఎక్కువ. ప్రొడక్షన్ పెంచడానికి, చేతులు ప్రెస్ కింద పడకుండా పెట్టిన రెండు చేతుల బటన్‌లో ఒకదాన్ని కట్టేసి నడిపే ప్రెస్ అయితే ఇక చెప్పనక్కర్లేదు.

ఇక పక్క కంపెనీ సంగతి. 16,500లో బేసిక్, డీఏ 15,000, ఇంటి అద్దె 1,500 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం 1,800, ఈఎస్ఐ 0.75 శాతం 124, తెలంగాణలో 15,000 దాటితే వృత్తి పన్ను 150. చేతికి 14,426. ఇప్పటికంటే దాదాపు 3,400 తక్కువ. ఆ తక్కువలో కొంత మీ పేరు మీదే చేరుతుంది. ఇప్పుడు మీ పీఎఫ్ 1,248, కంపెనీ వాటా మరో 1,248. అక్కడ 1,800కు 1,800. అంటే నెలకు 1,104 మీ ఖాతాలోనూ పెన్షన్‌లోనూ అదనంగా పడుతుంది. అక్కడ ఓటీ స్లిప్పులో రాసి రెట్టింపు ఇచ్చే పద్ధతి ఉంటే, నెలకు 16 గంటలు చేసినా 2,300 వస్తుంది. అప్పుడు చేతికి 16,700 దాకా, ఇప్పటికంటే 62 గంటలు తక్కువ పనితో.

ఈ లెక్క నిలబడాలంటే చేరకముందే కొన్ని అడిగి తెలుసుకోవాలి. అపాయింట్‌మెంట్ లెటర్ మీద కంపెనీ పేరుందా, ఇంకెవరిదైనా ఉందా? "కంపెనీ రోల్" అని నోటితో చెప్పి, కాగితం మీద మరో ఏజెన్సీ పేరు పెట్టడం మామూలే. చేరిన రెండో నెలలో మీ పీఎఫ్ పాస్‌బుక్‌లో సంస్థ పేరు చూస్తే నిజం తేలిపోతుంది. 16,500 అంటే కటింగులకు ముందా, లేక కంపెనీ పీఎఫ్ వాటా కూడా కలిపి చెప్పే సీటీసీనా? సీటీసీ అయితే ఈ లెక్కంతా మారిపోతుంది, అప్పుడు వెళ్లకండి. బోనస్ ఏడాదికోసారి విడిగా ఇస్తారా, నెల జీతంలో కలిపేశారా? కనీస బోనస్ 8.33 శాతం. దాన్ని నెలనెలా జీతంలోనే ముక్కలు చేసి ఇస్తే పండక్కి చేతికొచ్చేది ఏమీ ఉండదు. ఏడాది అగ్రిమెంటు అంటే భయపడక్కర్లేదు. పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది పూర్తయితే చాలు, గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) వస్తుంది, పర్మనెంట్ వాళ్లతో సమానంగా సౌకర్యాలు ఇవ్వాలి. ఇప్పుడున్నచోట మీ తొమ్మిదేళ్లకు గ్రాట్యుటీ, ఒకే యజమాని దగ్గర అని లెక్కేస్తే, 10,400ను 26తో భాగించి, 15తో హెచ్చించి, తొమ్మిదేళ్లకు 54,000. ముగ్గురు కాంట్రాక్టర్లలో ఎవరి దగ్గరా ఐదేళ్లు నిండలేదని చూపించి అది ఎగ్గొట్టడానికే మార్పిడి జరిగిందేమో కూడా ఆలోచించండి.

అప్పు మాటకొద్దాం. నిజానికి మీ జీతం పెంచుకునే అతి దగ్గరి దారి ఇదే. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. 80,000కి నెలకు 2,400 వడ్డీ. మీరు నెలకు 40 గంటల ఓటీ చేసేది ఒక్క వడ్డీ కోసమే, అసలు అంగుళం కదలదు. అదే 80,000 నూటికి ఒక రూపాయి వడ్డీకి దొరికితే నెలకు 800. మీకు 1,600 మిగిలినట్టే. ఇంట్లో ఆడవాళ్లు స్వయం సహాయక సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ రుణం ఆ చుట్టుపక్కల వడ్డీకే వస్తుంది. లేకపోతే ఇంట్లో ఉన్న బంగారం బ్యాంకులో పెట్టి తీసుకున్నా ఇంతకంటే ఎన్నో రెట్లు నయం. బంగారం కదిలించడం ఇష్టముండదు, నిజమే. కానీ బీరువాలో బంగారం ఉంచుకుని బయట మూడు రూపాయల వడ్డీ కట్టడం అంటే ఆ బంగారాన్నే నెలనెలా కొంచెం కొంచెం కరిగించి వడ్డీ వ్యాపారి చేతిలో పోయడమే.

పీఎఫ్ మొత్తం మాత్రం తీయొద్దు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పీఎఫ్ ఖాతాలో రెండు డబ్బులుంటాయి. ఒకటి మీ 12 శాతం, కంపెనీ వాటాలో మిగిలే 3.67 శాతం కలిసిన పొదుపు. రెండోది కంపెనీ వాటాలోంచి పెన్షన్ పథకానికి పోయే 8.33 శాతం. ఉద్యోగం మానేశాక "ఫుల్ సెటిల్మెంట్" అని ఫారం 19తో పాటు ఫారం 10సీ కూడా పెట్టించి, పెన్షన్ డబ్బు కూడా లాగించేస్తారు నెట్ సెంటర్ వాళ్లు. ఆ క్షణంలో మీ పెన్షన్ సర్వీసు సున్నా అవుతుంది. పెన్షన్‌కు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి, మీకు తొమ్మిదేళ్లున్నాయి. ఇంకో ఏడాదైతే హక్కు వచ్చేస్తుంది. 58 ఏళ్ల దాకా ఆపకుండా కడితే 35 ఏళ్లు. చివర్లో పెన్షన్ లెక్కకు తీసుకునే జీతం 15,000 అనుకుంటే, దాన్ని 35తో హెచ్చించి 70తో భాగిస్తే నెలకు 7,500. ఇప్పుడు తీసేసి మళ్లీ మొదలుపెడితే 26 ఏళ్లకు 5,571. ఇవాళ చేతికొచ్చే కొద్ది మొత్తానికి జీవితాంతం నెలకు దాదాపు 1,900 వదులుకున్నట్టు.

మరీ తప్పనిసరైతే ఫారం 31 కింద పాక్షికంగా అడ్వాన్సు తీసుకోవచ్చు. వైద్యం, పెళ్లి, ఇల్లు వంటి కారణాలకు ఇస్తారు. అది పొదుపు భాగం నుంచే పోతుంది, పెన్షన్ సర్వీసు చెక్కుచెదరదు. పొదుపు మీద 2024-25కి ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. 36 శాతం అప్పు తలమీద పెట్టుకుని 8.25 శాతం దగ్గర డబ్బు దాచుకోవడం లెక్కకు నిలవదన్న మాట నిజమే. అందుకే వరస ఇది: ముందు సంఘం రుణం, తర్వాత బంగారం, ఆ తర్వాతే ఫారం 31. ఫారం 19, 10సీ జోలికి పోవద్దు.

పీఎఫ్ పాస్‌బుక్ ఇప్పుడే తెరిచి చూడండి. ఒకే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కింద, కాంట్రాక్టరుకొకటి చొప్పున మూడు మెంబర్ ఐడీలు కనిపించాలి. కాంట్రాక్టరు మారినప్పుడు కొత్త యూఏఎన్ తెరిచేశారంటే మీ సర్వీసు రెండు ముక్కలై ఉంటుంది, కలిపించుకోవాలి. నెలనెలా వరసగా చూస్తూ పోండి. స్లిప్పులో కట్ అయ్యి పాస్‌బుక్‌లో పడని నెలలుంటే రాసుకోండి. కాంట్రాక్టరు మారే ముందు రెండు మూడు నెలలే ఎక్కువగా ఎగిరిపోతాయి. మీ జీతంలో 12 శాతం కాకుండా 25 శాతం కట్ చేస్తుంటే కాంట్రాక్టరు తన వాటా కూడా మీతోనే కట్టిస్తున్నట్టు. అలాగే ఈఎస్ఐ 109కి బదులు 580 కట్ అవుతుంటే, అది 0.75కి బదులు మొత్తం 4 శాతం. మీ స్పెషల్ అలవెన్సు 2,800 అందరు కార్మికులకూ ఒకేలా ఇచ్చేదైతే దాని మీదా పీఎఫ్ కట్టాలి. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. ఆ లెక్కన నెలకు 336 కంపెనీ వాటా మీకు రావాల్సింది రావడం లేదు.

స్లిప్పులో ఇంకొక్కటి చూడండి. హోదా దగ్గర ఏం రాసుంది? తొమ్మిదేళ్ల ప్రెస్ ఆపరేటర్ని "హెల్పర్" అని రాసి అన్‌స్కిల్డ్ కనీస వేతనం కట్టడం పాత విద్య. కార్మిక శాఖ ప్రతి ఏప్రిల్ 1, అక్టోబరు 1న డీఏ సవరించి కనీస వేతనాల పట్టిక ఇస్తుంది. ఆ పట్టికలో మీ పరిశ్రమ వరస వెతికి, అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్ మధ్య తేడా చూసుకోండి. కనీస వేతనం 8 గంటల పనికి. ఓటీ కలిపి ఆ మొత్తం వస్తోందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

పాత బాకీ వసూలు చేసుకోవాలా? చేసుకోవాలి, కానీ కొత్తచోట కుదురుకున్నాక. ఉద్యోగంలో ఉంటూ ఒక్కరే నోరెత్తితే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు. ఇప్పుడు చేయాల్సింది సాక్ష్యం కూడబెట్టడం. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐడీ కార్డు, గేట్ పాస్ ఫోటోలు తీసుకోండి. ఒక చిన్న డైరీలో ప్రతిరోజూ తేదీ, లోపలికెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, ఏ ప్రెస్ మీద పనిచేశారు, షిఫ్టు ఇన్‌చార్జి ఎవరు, ఆ వారం ఓటీ నగదు ఎంతిచ్చారు రాయండి. ఓటీ డబ్బు ఫోన్‌పేలో వేస్తుంటే మీ అదృష్టం, ఆ స్క్రీన్‌షాటే పెద్ద సాక్ష్యం. వేతనాల కోడ్ కింద క్లెయిమ్ మూడేళ్లలోపు వేయొచ్చు. వేతనం ఇచ్చామని నిరూపించుకునే భారం యజమాని మీదే. బాకీతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం కూడా విచారణాధికారికి ఉంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే కంపెనీయే బాధ్యత వహించాలి. రాష్ట్ర నియమాలు పూర్తిగా సర్దుకునే దాకా చాలా విషయాల్లో పాత నియమాలే నడుస్తాయి. 2025 నవంబరుకు ముందు నెలల బాకీకి మూడేళ్ల గడువు వర్తించదని అవతలివాళ్లు వాదిస్తారు. అందుకే మానేశాక ఆలస్యం చేయకుండా సంగారెడ్డి జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో అర్జీ వేయండి. నలుగురైదుగురు కలిసి వేస్తే లెక్కలు ఒకదాన్నొకటి బలపరుస్తాయి.

పర్మనెంట్ చేయాలన్న కేసుతో మొదలుపెట్టొద్దు. ప్రధాన ఉత్పత్తి పనిలో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదని ఉమ్మడి రాష్ట్రం 2003లోనే చట్టాన్ని సవరించింది, కొత్త కోడ్‌లోనూ ఆ నిషేధం ఉంది. షీట్‌మెటల్ కంపెనీలో ప్రెస్ షాపు కంటే ప్రధానమైన పని ఇంకేముంటుంది! కానీ మినహాయింపులూ ఉన్నాయి, కాంట్రాక్టు చెల్లనంత మాత్రాన కార్మికుడు దానంతటదే కంపెనీ ఉద్యోగి అయిపోడని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. అది ఏళ్ల తరబడి సాగే పోరాటం, యూనియన్ చేయాల్సింది. వేతన బాకీ అయితే లెక్క చూపించి గెలవగలిగేది.

ఇప్పుడు అసలు పెరుగుదల ఎక్కడుందో చూద్దాం. ప్రెస్ ఆపరేటర్‌గా మీరు ఎక్కడికెళ్లినా వెయ్యి, రెండు వేలే తేడా. ఎందుకంటే స్ట్రిప్ పెట్టి బటన్ నొక్కే పని కొత్తవాడు వారంలో నేర్చుకుంటాడు. అదే షాపులో డై సెట్టర్ (ప్రెస్‌కు అచ్చులు ఎక్కించి సరిచేసేవాడు) సెలవు పెడితే లైను ఆగిపోతుంది. మీ మెట్టు అదే. తొమ్మిదేళ్లుగా పక్కనే నిలబడి చూశారు కాబట్టి మీకు సగం వచ్చే ఉంటుంది. మిగతా సగం లెక్క, డ్రాయింగు.

ఉదాహరణకు 2 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు షీటులో 50 మిల్లీమీటర్ల రంధ్రం కొట్టాలి. ఎన్ని టన్నులు కావాలి? రంధ్రం చుట్టుకొలత 157, మందం 2, మైల్డ్ స్టీలు కోత బలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 35 కిలోలు. మూడూ హెచ్చిస్తే దాదాపు 11 టన్నులు. ఈ లెక్క వచ్చినవాడు ఏ డై ఏ ప్రెస్ మీద ఎక్కించాలో చెప్పగలడు. పైనుంచి దిగి రంధ్రం కొట్టే పంచ్‌కీ, కింద ఉండే డైకీ మధ్య ఖాళీ ఒక్కో వైపు మందంలో 5 నుంచి 10 శాతం, అంటే 2 మిల్లీమీటర్లకు 0.1 నుంచి 0.2 దాకా. తక్కువైతే టన్నేజీ పెరిగి పంచ్ త్వరగా అరుగుతుంది. ఎక్కువైతే అంచు ఒంగి బర్ (గరుకు అంచు) వస్తుంది. బర్ చుట్టూ సమానంగా ఉంటే అంచులు మొద్దుబారాయనో, ఖాళీ ఎక్కువైందనో అర్థం. ఒక్క పక్కనే ఉంటే పంచ్, డై ఒక వరసలో కూర్చోలేదని అర్థం. రంధ్రం ముఖ్యమైతే కొలత పంచ్ మీద పెడతారు, కత్తిరించి పడే ముక్క ముఖ్యమైతే కొలత డై మీద పెడతారు. షట్ హైట్ (రామ్ పూర్తిగా దిగినప్పుడు దాని కింద మిగిలే ఎత్తు) సెట్ చేసేటప్పుడు రామ్‌ను, అంటే ప్రెస్‌లో పైనుంచి దిగే భాగాన్ని, ఇంచింగ్‌లోనే (కొద్దికొద్దిగా) దించాలి. నేరుగా స్ట్రోకు వేస్తే డై పగలడమో, ప్రెస్ అడుగున ఇరుక్కుపోవడమో జరుగుతుంది. ఇవన్నీ మీరు కళ్లతో చూసినవే. వాటి వెనక కారణాలు చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న టూల్‌రూమ్ ఇన్‌చార్జికి మీరెవరో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

దీనికి లక్ష పోసి ప్రైవేటు కోర్సులో చేరనక్కర్లేదు. మొదటి ఆరు నెలలు వెర్నియర్, మైక్రోమీటర్, హైట్ గేజ్ వంటి కొలత పరికరాలు తప్పు లేకుండా చదవడం, ఫస్ట్ యాంగిల్ డ్రాయింగు (మన దగ్గర వాడే డ్రాయింగు పద్ధతి), టాలరెన్సులు (కొలతలో ఒప్పుకునే తేడాలు) నేర్చుకోండి. వెర్నియర్ ఒకటి సొంతంగా కొనుక్కోండి, ఇంట్లో గ్లాసులూ బోల్టులూ కొలుస్తూనే చెయ్యి తిరుగుతుంది. ఆ తర్వాత బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌కు వెళ్లి స్వల్పకాలిక కోర్సుల వివరాలు అడగండి. 1968లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది, టూల్ అండ్ డై పనిలో ఆ సర్టిఫికెట్‌కు ఉన్న విలువ వేరు. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. వాటిలో సీఎన్‌సీ మెషినింగ్, ఆటోమేషన్, రోబోటిక్స్ కోర్సులున్నాయి. ఐటీఐలో చేరకుండానే, పని అనుభవం ఉన్నవాళ్లు ప్రైవేటు అభ్యర్థిగా అఖిల భారత ట్రేడ్ టెస్టు (ఐటీఐ విద్యార్థులు చివర్లో రాసే పరీక్ష) రాసే వీలుంది. దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐలో అర్హతలు, తేదీలు అడగండి. అనుభవమున్నవాళ్లు ప్రాక్టికల్‌లో ఇట్టే గట్టెక్కుతారు, తప్పేది వర్క్‌షాప్ లెక్కల్లోనూ ఇంజినీరింగ్ డ్రాయింగులోనూ. ఆ రెంటికి ట్యూషన్ పెట్టించుకోండి. రెండేళ్ల ట్రేడు సర్టిఫికెట్ చేతికొస్తే, ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరే దారి కూడా తెరుచుకుంటుంది.

రోజుకు 11 గంటలు పనిచేస్తూ ఇదేదీ జరగదని మీకే తెలుసు. పక్క కంపెనీకి వెళ్లమనడానికి ముఖ్య కారణం అదే. అక్కడ చేరేటప్పుడే, "ఆపరేటర్‌గానే వస్తాను, కానీ డై మార్చేటప్పుడు సెట్టర్ పక్కన నన్ను నిలబెట్టండి" అని అడగండి. జీతం పెంచమంటే ఆలోచిస్తారుగానీ ఈ మాటకు కాదనే సూపర్‌వైజర్ అరుదు.

దుబాయ్ సంగతి క్లుప్తంగా. ప్రెస్ ఆపరేటర్‌గా వెళ్తే ఏజెంటుకిచ్చే లక్ష, దాని వడ్డీ తీర్చడానికే మొదటి ఏడాది పోతుంది. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు 30,000, దానిపై జీఎస్టీ మాత్రమే. అంతకు మించి అడిగినవాడితో మాటలు అక్కడే ఆపేయండి. డై సెట్టరో టూల్‌రూమ్ ఫిట్టరో అయ్యాక పోవాలనిపిస్తే, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకుని వెళ్లండి. ఇక ఆటో. ఇప్పటికే నూటికి మూడు అప్పున్న మనిషి ఫైనాన్సు మీద ఆటో కొంటే రెండు అప్పులు మోయాలి. ఓ నెల ఒంట్లో బాగోకపోతే ఈఎస్ఐ ఇచ్చేది ఉండదు, పీఎఫ్ ఉండదు. బామ్మర్దికి ఇప్పటికి వద్దని చెప్పండి.

ఒకవేళ పక్క కంపెనీ మాట తప్పితే, ఉన్నచోటే ముందు మీ హోదాను కాగితం మీద స్కిల్డ్‌గా మార్పించుకునే ప్రయత్నం చేయండి. కాంట్రాక్టు కార్మికులకూ యూనియన్‌లో చేరే హక్కుంది. పర్మనెంట్ కార్మికుల వేతన ఒప్పందం గడువు ఎప్పుడు ముగుస్తుందో తెలుసుకోండి. కొత్త డిమాండ్ల పత్రం రాసే సమయంలోనే కాంట్రాక్టు వాళ్ల రేటు కూడా అందులో పెట్టించాలి. ఒప్పందం సంతకమయ్యాక మళ్లీ మూడు నాలుగేళ్లు ఎవరూ ఆ మాటెత్తరు.

మానేసే రోజున ఖాళీ కాగితం మీదా, "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అని రాసున్న కాగితం మీదా సంతకం పెట్టకండి. పెట్టక తప్పకపోతే, ముట్టిన మొత్తం అంకెల్లో రాసి "ఓటీ బాకీ మినహా" అని మీ చేత్తో చేర్చి, ఫోటో తీసుకోండి. సర్వీసు సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ట్రేడ్ టెస్టుకు అనుభవం చూపించడానికి అదే పనికొస్తుంది. పీఎఫ్ పోర్టల్‌లో పాత కాంట్రాక్టరు మీ చివరి తేదీ వేశాడో లేదో చూసుకోండి. అది పడకపోతే పాత ఖాతా కొత్తదానికి బదిలీ కాదు. రెండు నెలలు ఆగి కూడా వాడు వేయకపోతే ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు, కానీ పాస్‌బుక్‌లో చివరి జమ పడిన నెలలోని తేదీయే వేయండి.